పాతదాని పేరు కొత్తదానికి

మా ఇంట్లో పిల్లలకు కొత్త పేర్లు వెతకం. పోయినవాళ్ల పేర్లే మళ్లీ పెట్టుకుంటాం. నా కొడుక్కి కూతురు పుట్టేసరికి మా అత్త పోయి నాలుగు నెలలు కూడా కాలేదు. ఎవరూ ఎవరినీ అడగకుండానే ఆ పేరు పిల్లకు వచ్చేసింది. దాంతో నాకో ఇబ్బంది వచ్చిపడింది. అత్త బతికున్నన్నాళ్లూ ఆమె పేరు నా నోటితో పలకలేదు. ఇప్పుడు అదే పేరు పెట్టి "ఇటు రా, ఆ చెంబు అందుకో" అని ఎట్లా అనేది? అందుకే ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి ఆ పిల్ల నాకు "పాప". కోపం వస్తే "ఏమే". ఇరవై నాలుగేళ్లు వచ్చినా అంతే.

అట్లాంటి పిల్లకు దొరికిన ఉద్యోగం, పొద్దస్తమానం పేర్లు పెట్టి పిలవడం. మనుషుల్ని కాదు, మిషన్లను.

మాది కంబదూరు దగ్గర పల్లె. వాన పడితే చెనిక్కాయ పండుతుంది, పడకపోతే పశువులకు కట్టె కూడా మిగలదు. పాప అనంతపురంలో ఇంజనీరింగు చదివి, ఏడాది పాటు కంప్యూటరు ముందు కూర్చుని ఏవేవో పరీక్షలు రాసి, ఈ పని సంపాదించుకుంది. కంపెనీ బెంగుళూరులో ఉంది. అక్కడికి పోవాల్సిన పని లేదు, ఇంట్లో కూర్చునే చేయొచ్చు, నెట్టు మాత్రం ఆగకూడదు అన్నారట. మా పల్లెలో గుట్ట ఎక్కితే గానీ నెట్టు రాదు. అందుకని బుక్కరాయసముద్రంలో రెండు గదుల ఇల్లు బాడుగకు తీసుకోవాలని పాప అడిగింది. నా కొడుకు ఒప్పుకోలేదు.

"ఒంటిగా ఆడపిల్లని ఆడ ఎట్ల పెట్టేది మా?" అన్నాడు నాతో.

"ఒంటిగా ఎందుకు, నేను పోతా" అన్నాను.

"వాళ్లు ఆర్నెల్లు చూసి, నచ్చితేనే ఉంచుకుంటారంట. నచ్చకపోతే పంపించేస్తారంట. అదేమి ఉద్యోగం?"

"నువ్వు విత్తనం ఏసి మూడు నెల్లు ఆకాశం దిక్కు చూస్తావే, అదేమి ఉద్యోగం? ఆర్నెల్లు నాకు ఇడ్సు. మధ్యలో నోరెత్తొద్దు. ఉంచుకోకపోతే నేనే బస్సెక్కించి తీసుకొస్తా. అప్పుడు నువ్వన్నట్టే బీఈడీ చేస్తాది."

అట్లా నా మాట మీద వచ్చాం. అందుకే ఆ ఆరు నెలలు పాపకు ఎంత బరువో నాకూ అంతే బరువు.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. మొదట్లో ఆ పని మీద నాకు నమ్మకం కుదరలేదు. నల్లటి తెర, దాని మీద చీమల బారు మాదిరి తెల్లటి అక్షరాలు, వాటి ముందు పిల్ల. ఒక వారం చూసి అడిగాను.

"ఏమి చేస్తాండావు అసలు?"

"ఆస్పత్రుల మిషన్లు చూసుకుంటాండా అవ్వా. రోగుల లెక్కలన్నీ వాట్లోనే ఉంటాయి."

"యాడుండాయి అవి?"

"ఒకటి బళ్లారి దిక్కు, ఒకటి కర్నూలు దిక్కు. కొన్ని యాడుండాయో నాకూ తెల్దు."

"యాడుండాయో తెలీనివాటిని ఎట్ల చూసుకుంటావే?"

అప్పుడు చెప్పింది. ప్రతి మిషన్‌కూ ఒక చిరునామా ఉంటుంది, అదంతా వరుసగా అంకెలు. ఎవరికీ గుర్తుండవు. అందుకని ఒక్కోదానికి ఒక పేరు పెట్టి, పేరూ అంకెలూ అది చేసే పనీ ఒక జాబితాలో రాసి పెడతారు. తను పేరు కొడితే చాలు. ఆ జాబితా చూసుకునే పనిముట్టు ఒకటుంది, అదే అంకెలు వెతుక్కుని పోయి, తాళంచెవి చూపించి, తలుపు తీయించుకుని, చెప్పిన పని చేసి వస్తుంది. "రక్తపరీక్షల మిషన్లన్నీ" అని ఒక్క మాట అంటే అన్నిటి దగ్గరికీ ఒకేసారి పోతుంది కూడా.

"మన చేన్లు మాదిరి అనుకో అవ్వా. పట్టాలో నంబరుంటాది. ఇంట్లో ఎవురన్నా ఆ నంబరు చెప్తారా? ఎర్రచేను అంటే నాయన ఎర్రచేనుకు పోతాడు. గుట్టచేను అంటే గుట్టచేనుకు పోతాడు."

"అట్ల చెప్పు మరి, మొదట్నే" అన్నాను. అప్పటి నుంచి నాకు ఆ తెర మీద కోపం పోయింది.

కంపెనీలో కొన్ని మిషన్లకు పేర్లు పెట్టే పని పాపకే ఇచ్చారు. మన ఏర్ల పేర్లు పెట్టింది. పెన్న, హగరి, చిత్రావతి.

"ఇసక తప్ప నీళ్లుండవే వాట్లో! పేర్లు పెట్టే ముందు ఆలోచన ఉండల్ల" అన్నాను.

"బెంగుళూరులో ఎవురికి తెలుస్తాది అవ్వా? వినేదానికి బాగుండాయంట" అని నవ్వింది.

ఆ ఇంట్లో నా పద్ధతులు నావి. గదిలో మనిషి లేకుండా ఫ్యాను తిరగకూడదు. బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోవాలి. ఇంటి యజమాని ఇచ్చిన పాత ఇన్వర్టరు ఒకటి ఉంటే, దాన్ని చూసిన మెకానిక్కు బ్యాటరీ పాడైంది, మార్చండి అన్నాడు. పాప సరే అనబోయింది. నేను ఒప్పుకోలేదు. "నీళ్లు పోస్తే ఇంకో ఏడాది నడుస్తాది. వస్తువును సచ్చేదాకా వాడల్ల" అని మెకానిక్కును పంపించేశాను. నా మొండితనం అది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది, అయినా రాయాలి.

ఇంకొక సంగతి కూడా రాయాలి. మా పక్కింట్లో ఒక సాయిబుల ఆమె ఉంది, నలభై ఏళ్లుంటాయి. మూడు కుట్టుమిషన్లు పెట్టి, ఇద్దరు ఆడవాళ్లను పెట్టుకుని, బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కుళాయి నీళ్లు మాకు రోజూ రావు. వచ్చిన రోజు వరుసలో డ్రమ్ములు పెట్టుకోవాలి. ఒక రోజు ఆమె డ్రమ్ము ముందుంటే నేను ఒక బార వెనక్కి జరిపి మాది పెట్టాను. ఆమె చూసింది. అప్పటి నుంచి రెండు నెలలు మా ఇద్దరికీ మాటల్లేవు.

ఆరు నెలలకు ఇంకా నెల రోజులుందనగా చిత్రావతి అనే మిషన్ సంగతి వచ్చింది. అది ఒక ఆస్పత్రిలో రక్తపరీక్షల ఫలితాలు దాచే మిషన్. కింద ల్యాబులో పరీక్ష చేసి అందులో పెడితే, పైన డాక్టర్లు వాళ్ల తెర మీద చూసుకుంటారు. అది పాతబడింది, ఊరికే నిలిచిపోతోంది. దాని బదులు కొత్త మిషన్ ఒకటి తయారుచేయమని పాపకు అప్పగించారు. పాపకు పై అధికారి ఒక మేడం. నేను ఎప్పుడూ చూడలేదు, ఫోనులో గొంతు మాత్రం ఇల్లంతా వినిపించేది. కన్నడం కలిసిన తెలుగు.

"కొత్తదానికి కొత్త పేరు పెట్టమ్మా" అని ఆ మేడం అందట.

"పాత పేరే పెడతా మేడం, ఆస్పత్రి వాళ్లకు అలవాటైపోయిండాది" అని పాప అడిగి ఒప్పించుకుంది.

ఆ సాయంత్రం నాకు చెప్తూ, "మన ఇంట్లో మాదిరే అవ్వా. పాతదాని పేరు కొత్తదానికి" అంది.

"మంచి పని చేసినావు. పేరు పోకుండా ఉంటాది" అన్నాను నేను కూడా. నాకు నిజంగానే సంతోషమైంది.

మిషన్ మార్చే రోజు పొద్దున్నే పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి ఎక్కించింది. జాబితాలో చిత్రావతి అన్న పేరు కొత్తదానికి ఇచ్చి, పాతదానికి పేరు తీసేసి ఒక అంకె ఇచ్చింది. తొమ్మిదింటికి ఆస్పత్రివాళ్లు కొత్తదాని మీద పని మొదలుపెట్టారు. అన్నీ సక్రమంగా నడిచాయి. ఇక మిగిలింది పాతదాన్ని తుడిచేయడం. రోగుల సంగతులు ఉంటాయి కాబట్టి, పారేసే ముందు ఏమీ మిగలకుండా తుడిచేయాలట. సంగటి తిని చెయ్యి కడుక్కుని పాప ఆ పనికి కూర్చుంది. నేను గడప దగ్గర కొర్రలు చెరుగుతున్నాను.

పాప పనిచేస్తుంటే ఆ మీటల చప్పుడు వడగళ్లు పడినట్టుంటుంది. అది ఒక్కసారిగా ఆగిపోయింది. కొంచెం సేపు చూశాను. మళ్లీ రాలేదు. తలెత్తి చూస్తే పిల్ల రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూస్తోంది. ముఖంలో నెత్తురు లేదు.

"ఏమైందే?"

"చిత్రావతిని తుడిచేసినా అవ్వా."

"తుడ్సమనే గదా చెప్పినారు?"

"పాతదాన్ని తుడ్సమన్నారు. పొద్దన్నే ఆ పేరు కొత్తదానికి ఇచ్చినా గదా. అయిదు నెల్ల నుంచి అదే పేరు కొట్టి కొట్టి చెయ్యి దానంతటదే ఆ పేరు కొట్టింది. ఆ పేరుకు పలికింది కొత్తది. దాన్నే తుడిచేసినా."

నాకు వెంటనే అర్థమైంది. పేరు పాతదే, మనిషి మారిపోయింది. పిల్ల పాతదాన్ని అనుకుని పిలిచింది, కొత్తది పలికింది. మేము ఇద్దరం మెచ్చుకుని పెట్టిన పేరే కొంప ముంచింది.

పాప మళ్లీ మీటల మీద పడింది. ఏదో కొడుతోంది, చెరుపుతోంది, మళ్లీ కొడుతోంది.

"ఎవురికన్నా చెప్పినావా?" అన్నాను.

"ముందు సరిచేస్తా. చేసినాక చెప్తా."

"ఇప్పుడు ఆడ డాక్టరు తెర చూస్తే ఏమి కనపడతాది?"

పాప కొడుతూనే ఉంది.

"నిన్నే అడిగేది."

"ఏమీ కనపడదు."

"అంటే ఎవురికో నెత్తురులో ఏమి తక్కువుందో తెలీదు. నువ్వు సరిచేసేదాకా ఆ మనిషి మంచం మీద పడుండల్నా? ఫోను చెయ్యి."

"పంపించేస్తారవ్వా! ఇంగ ఇరవై రోజులే ఉండేది."

"పంపిస్తే పోదాం. కంబదూరుకు బస్సులు లేవా? ఫోను చెయ్యి."

గట్టిగానే అన్నాను. లోపల మాత్రం కొడుకు దగ్గర నేనిచ్చిన మాట నా చేతులతోనే నేను పారేస్తున్నాను అనిపించింది. అయినా ఇంకొక దారి నాకు తెలియదు.

పాప మేడంకు ఫోను చేసి అంతా చెప్పింది. విని మేడం అడిగింది.

"ఎంత సేపైంది?"

"ఆరు నిమిషాలు మేడం."

"ఆస్పత్రివాళ్లు ఫోను చేసినారా?"

"ఇంకా లేదు."

"సరి. వాళ్లకు నేను చెప్తాను, కాగితాల మీద నడిపించుకోండి అని. నువ్వు ఆ కీబోర్డు మీంచి చేతులు తియ్యి. ఒక గ్లాసు నీళ్లు తాగు. తాగినావా?"

నేను చెంబు తెచ్చి చేతికిచ్చాను. తాగింది.

"ఇప్పుడు చెప్పు. పాతది ఎట్లుంది?"

పాప ఈసారి ఒక్కొక్క అంకె వేలు పెట్టి చూసుకుని కొట్టింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. పిల్ల కళ్లు పెద్దవయ్యాయి.

"అది బాగనే ఉండాది మేడం! పొద్దున దాకా ఉన్నదంతా అట్లే ఉండాది."

"తుడవాల్సింది తుడవలేదు కదా, ఉండక ఏమైతది? మళ్లీ దాన్నే నిలబెట్టు. తొమ్మిది నుంచి ఇప్పటిదాకా వచ్చిన పరీక్షలు ల్యాబులో చీటీల మీద ఉంటాయి, అవి తర్వాత ఎక్కించొచ్చు. నేనే చేసేస్తాను అనుకో, పది నిమిషాలు ముందే అయితది. కానీ రేపటి నుంచి నీ చెయ్యి వణుకుతానే ఉంటది. నువ్వే చెయ్యి. నేను పక్కనే ఉండి చూస్తాను."

నేను ఎప్పుడూ చూడని ఆ మనిషికి ఆ నిమిషంలోనే దండం పెట్టుకున్నాను. మా కాలంలో పొలంలో కలుపుకు పోయి ఒక మొక్క తప్పుగా పీకితే వీపు మీద పడేది.

పాప పని మొదలుపెట్టి పావుగంట కూడా కాలేదు, కరెంటు పోయింది. ఆషాఢం గాలి, ఎక్కడ ఏ తీగ తగులుకుందో. కంప్యూటరుకు సొంత బ్యాటరీ ఉంది. నెట్టు డబ్బాకు మాత్రం ఇన్వర్టరే దిక్కు. నేను నీళ్లు పోసి బతికించిన ఇన్వర్టరు. అది రెండు నిమిషాలు మోసి, కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఫ్యాను ఆపాను. ఫ్రిజ్జు ఆపాను. దేవుడి దగ్గర చిన్న బల్బుంటే అది కూడా ఆపాను. ఇంకో రెండు నిమిషాలు అరిచి నోరు మూసుకుంది. నెట్టు డబ్బా మీద దీపాలన్నీ ఆరిపోయాయి. ఫోనులో నెట్టు పెట్టి చూసింది పాప. ఊరంతా అదే పని చేస్తున్నట్టుంది, అక్షరం కదలలేదు. మేడం మాట ముక్కలు ముక్కలుగా వచ్చి తెగిపోయింది.

"అవ్వా, సగంలో ఉండాది" అంది పాప. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

పక్కింట్లోంచి కుట్టుమిషన్ల చప్పుడు వస్తోంది. ఆమెకు పెద్ద ఇన్వర్టరుంది. నేను గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను. డెబ్బై ఏళ్ల ఒంటికి ఆ నాలుగడుగులు ఎంత దూరమో అప్పుడు తెలిసింది.

"అమ్మీ" అని పిలిచాను.

చప్పుడు ఆగింది. ఆమె మెడలో టేపుతో బయటికి వచ్చి, నన్ను చూసి, ఆశ్చర్యపోయి నిలబడింది.

"ఒక వైరు కావల్ల. పాప పనిది, ఆస్పత్రి మిషను సగంలో నిల్సిపోయిండాది. మా బ్యాటరీ సచ్చింది."

"బ్యాటరీ సంగతి నాకు తెలుసులే పెద్దమ్మా. ఆ మెకానిక్కు నీ దగ్గర తిట్లు తిని మా ఇంటికొచ్చే టీ తాగినాడు" అంది. తర్వాత నడుం మీద చెయ్యి పెట్టుకుని, "డ్రమ్ము జరిపేటప్పుడు అడిగినావా నన్ను?" అంది.

"అడగలే. జరిపింది తప్పే."

"ఈ ఒక్క మాటకు రెండు నెల్లు పట్టిందా నీకు!"

అనేసి లోపలికి తిరిగి, "జల్దీ, రెండు మిషన్లు ఆపండి! ఆ పొడుగు వైరు తీయండి!" అని అరిచింది.

"ఒకటి ఆపితే చాల్దా? నీ యూనిఫారాలు..."

"రేపు ఇవ్వల్ల అవి. ఇస్తాలే. అడ్డం మాట్లాడకుండా పట్టుకో పెద్దమ్మా."

గోడ మీద నుంచి వైరు వచ్చింది. మూరెడు తక్కువైంది. నెట్టు డబ్బాను దాని తీగతో సహా కిటికీ దాకా జరిపి, స్టూలు వేసి దాని మీద పెడితే అందింది. దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. గాలికి వైరు ఊగి ఊడిపోతుందేమోనని నేను కిటికీ కింద కూర్చుని ప్లగ్గును చేత్తో పట్టుకున్నాను. పని అయ్యేదాకా వదలలేదు.

పనిలో సగం ఎదురుచూపే ఉంది. ఒక గీత తెర మీద ఎడమ నుంచి కుడికి పాకాలి, అది కుడికి చేరేదాకా ఏమీ చేయడానికి లేదు. ఆ గీత వైపు చూస్తూ పాప గోళ్లు కొరుక్కుంటోంది. ఏదైనా మాట్లాడితే మంచిదనిపించింది.

"నిన్ను ఒకసారి గవర్నమెంటోళ్లు సంపేసినారు, తెల్సా?" అన్నాను.

"ఏంది?"

"నీకు ఏడాది నిండినాక నీ పేరు రేషను కార్డులో రాయించినాం. మా అత్త పేరు అప్పటికింకా తీయలే. ఒకే కార్డులో ఒకే పేరు రెండుసార్లు. పోయినామె పేరు కొట్టేయండి సారూ అని ఆఫీసులో చెప్పొచ్చినాం. ఆయప్ప నీ పేరు కొట్టేసినాడు."

"నన్నా!"

"నిన్నే. పోయినామెకు నెల నెలా బియ్యం వస్తాండాయి, నువ్వు మాత్రం సచ్చినావంట. నిన్ను సంకనేసుకుని ఆఫీసుకు పోయినా. తీసకపోయి ఆయప్ప బల్ల మీద కూర్సోబెట్టి, సారూ, సచ్చింది ఇదే, చూడు అన్నా. నువ్వు ఆ కాగితాల మీదనే ఉచ్చ పోసినావు."

పాప నవ్వు ఆపుకోలేకపోయింది. ఇంకొక నవ్వు కూడా వినబడింది. ఫోను ఎప్పుడు మళ్లీ కలిసిందో ఏమో, మేడం అంతా వింటూనే ఉంది.

"ఆమేలె, తర్వాత ఎట్ల సరిచేసినారు అజ్జీ?" అని నన్ను అడిగింది ఫోనులోంచి. అజ్జి అంటే కన్నడంలో అవ్వ.

నేను కొంచెం సర్దుకుని కూర్చున్నాను. "పేరు పక్కన పుట్టిన సంవత్సరం కూడా రాయించినానమ్మా. పేరు సూసి కొట్టేయొద్దు సారూ, సంవత్సరం సూసి కొట్టేయి అని చెప్పినా."

"కేళిదియా పాపా, విన్నావా?" అంది మేడం. "ఇంకమీద ఏ మిషన్ తుడిచినా, ముందు అది ఎప్పుడు పుట్టిందో దాన్నే అడుగు. అది చెప్పినాకే తుడిచే మాట. రాసుకో."

పాప రాసుకుంది.

అయిదింటికి పాత మిషన్ మళ్లీ ఆస్పత్రికి పని చేయసాగింది. ల్యాబులో పనిచేసే ఒకతను ఫోనులో చీటీలు చదువుతుంటే పాప ఒక్కొక్కటే ఎక్కించింది. చివర్లో, "నా వల్ల మీకు చాలా ఇబ్బందైంది, మన్నించండి" అని చెప్పింది. "ఏమీ కాలేదమ్మా, ఈ ఏడాదిలో మొదటిసారి టీ వేడిగా ఉండగానే తాగినా" అన్నాడతను. డాక్టర్లు అడిగిన ఫలితాలను ల్యాబువాళ్లు మెట్లెక్కి చేత్తో ఇచ్చి వచ్చారట. ఎవరికీ ఏమీ కాలేదు. అది విన్నాకే నేను ప్లగ్గు మీంచి చెయ్యి తీశాను. వేళ్లు చాచడానికి కాసేపు పట్టింది.

అంతటితో అయిపోలేదు. జరిగినదంతా పూస గుచ్చినట్టు రాసి కంపెనీలో అందరికీ పంపాలి, అది వాళ్ల పద్ధతి అని మేడం చెప్పింది. పాప రెండు రోజులు కూర్చుని రాసింది. ఇంగ్లీషులో రాసి నాకు తెలుగులో చదివి చెప్పింది. పాత పేరు కొత్తదానికి పెట్టాలన్న ఆలోచన తనదేనని రాసింది. తుడిచే ముందు చూసుకోలేదని రాసింది.

"బ్యాటరీ సంగతి రాసినావా?" అన్నాను.

"అది నీ తప్పు గదవ్వా. నేనెందుకు రాయల్ల?"

"జరిగిందంతా రాయమన్నారు గదా. మా అవ్వ బ్యాటరీ మార్చనీలేదు అని రాయి. పక్కింటామె వైరిచ్చింది అని కూడా రాయి."

రాసింది. మరుసటి రోజే నేను మెకానిక్కును పిలిపించి కొత్త బ్యాటరీ పెట్టించాను. అతను నోరు మూసుకుని బిగించి పోయాడు, అందుకు సంతోషం.

మిగిలిన రోజులు ఎట్లా గడిచాయో చెప్పలేను. పాప ముద్ద సగం తిని లేచేది. పారెయ్యకూడదని నేనే ఆ సగం తినేదాన్ని. కొడుకు రెండుసార్లు ఫోను చేసి ఎట్లుంది అని అడిగితే, "బాగనే ఉండాది" అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. సంచులు మాత్రం మనసులో సర్దిపెట్టుకున్నాను. ఏ గిన్నె దేనిలో పెట్టాలో కూడా అనుకున్నాను.

ఒక పొద్దున ఉగ్గానికి బొరుగులు నానబెడుతుంటే పాప ల్యాప్‌టాప్ ఎత్తుకుని వంటింట్లోకి వచ్చింది. కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, ఉంచుకున్నారు అని చెప్పింది. నాకు అర్థమైంది, అయినా ఇంకోసారి చదవమన్నాను. రెండోసారి చదువుతుండగానే మేడం ఫోను చేసి, అజ్జికి ఇవ్వు అంది.

"ఇంత పెద్ద తప్పు చేసినా ఉంచుకున్నారు. నీకు ఎట్ల చెప్పల్లనో నాకు తెలీదమ్మా" అన్నాను. నాకు అట్లాంటి మాటలు అలవాటు లేదు.

"తప్పు అందరూ చేస్తారు అజ్జీ, నేనూ చేసినాను. ఈమె ఆరు నిమిషాలకే చెప్పింది. మా దగ్గర పదేళ్ల నుంచి పనిచేసేవాళ్లు కూడా ఒక గంట దాచుకుంటారు. అట్లాంటి మనిషిని ఎవరు పంపిస్తారు?"

పాప నా వైపు చూసింది. ఆ ఆరు నిమిషాల్లో ఎవరు ఎవరిని తిట్టారో మా ఇద్దరికే తెలుసు. నేను కళ్లతోనే గమ్మునుండు అన్నాను. చివరికి ఫోను చేసింది, చెప్పింది ఆ పిల్లే.

కొడుక్కి ఫోను చేశాను. రెండు రోజుల ముందు మా పల్లె దిక్కు పదును వాన పడింది. ఎద్దుల గంటలు వినబడుతున్నాయి ఫోనులో.

"ఒరే, పాపని ఉంచుకున్నారంట!"

"ఉంచుకున్నారా? మంచిది మా. చానా మంచిది." ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. "ఈడ తడి ఆరిపోతాండాది, విత్తనం పడల్ల. రాత్రికి చేస్తా" అని పెట్టేశాడు. వాడు చేసిందే సరి. తడి ఎవరి కోసమూ ఆగదు.

వేడి ఉగ్గాని ఒక డబ్బాలో పెట్టుకుని పక్కింటికి పోయాను. ఆ మూడు మిషన్ల గదిలోకి నేను పోవడం అదే మొదలు. ఎటు చూసినా నీలం చొక్కాలు. ఆమె మిషన్ ఆపకుండానే తలెత్తి చూసింది.

"మా పాపని ఉంచుకున్నారు. నీ వైరు లేకుంటే లేదు" అన్నాను.

"నా వైరు కాదులే, ఆ పిల్ల చదువు" అంది ఆమె. డబ్బా మూత తీసి వాసన చూసి, "పచ్చిమిరపకాయ బజ్జీ లేకుండా ఉగ్గానా? నీ పిసినారితనం పోదు పెద్దమ్మా!" అంది. పనివాళ్లిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మూడు మిషన్లూ ఆపి వాళ్లు తినడానికి కూర్చున్నారు. పక్కన కుట్టేసిన చొక్కాల కుప్ప ఉంది, ప్రతి దానికీ గుండీల దగ్గర, జేబుల దగ్గర దారాలు వేలాడుతున్నాయి. బల్ల మీద చిన్న కత్తెర కనిపించింది. అద్దాలు సర్దుకుని, పై చొక్కా ఒళ్లోకి తీసుకుని, దారాలు కత్తిరించడం మొదలుపెట్టాను. ఆమె వద్దనలేదు. కత్తిరించిన చొక్కాలు ఎక్కడ పెట్టాలో మాత్రం వేలితో చూపించింది.